మొండి మీథేన్‌ను విడదీయడం ఎలా?

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టడం మీరు చూసే ఉంటారు. చేట పైకెత్తి గింజలను జారవిడిస్తే బరువైన గింజ కాళ్ళ దగ్గరే రాలుతుంది. తేలికైన తాలు గాలికి కొట్టుకుపోతుంది. ఇంట్లో అమ్మ పిండి జల్లిస్తే మెత్తని పిండి కిందికి దిగుతుంది, నూక జల్లెడలో మిగులుతుంది. ఉప్పూ ఇసుకా కలిసిపోతే నీళ్ళు పోస్తాం. ఉప్పు కరుగుతుంది, ఇసుక అడుగున నిలుస్తుంది.

ఈ మూడు పనుల్లోనూ ఉన్న కిటుకు ఒక్కటే. కలిసిపోయిన రెండు పదార్థాలను విడదీయాలంటే వాటి మధ్య ఏదో ఒక తేడాను పట్టుకోవాలి. బరువులో తేడా, పరిమాణంలో తేడా, కరిగే గుణంలో తేడా, ఏదైనా సరే.

మరి కంటికి కనిపించని వాయువులు కలిసిపోతే?

మొన్న పదో తరగతిలో బొగ్గును గురించి చెబుతుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది: "మాస్టారూ! బొగ్గు నుంచి గ్యాసు తీస్తారన్నారు. అందులో నాలుగైదు వాయువులు కలిసి ఉంటాయన్నారు. మరి అందులోంచి మీథేన్‌ను మాత్రం ఎట్లా వేరుచేస్తారు? దానికి రంగూ లేదు, వాసనా లేదు గదా!"

మంచి ప్రశ్న. ఇంతలో గంట కొట్టారు. ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగంతో కలిపి ఇక్కడ మీ అందరికీ చెబుతాను.

బొగ్గుకూ యూరియాకూ చుట్టరికం

మన పల్నాడులో సాగర్ కుడి కాలువ కింద వరి వేసినా, మెట్టపొలంలో పత్తి వేసినా రైతుకు యూరియా బస్తాతో పని పడుతుంది. యూరియా తయారు కావాలంటే అమ్మోనియా కావాలి. అమ్మోనియాకు నత్రజని, హైడ్రోజన్ కావాలి. నత్రజని మన చుట్టూ ఉన్న గాలిలోనే ఐదింట నాలుగు వంతులుంది. హైడ్రోజన్ మాత్రం అట్లా ఊరికే దొరకదు. దాన్ని వేరే పదార్థాల నుంచి రాబట్టుకోవాలి.

బొగ్గు సాయంతో దాన్ని రాబట్టిన కర్మాగారం మన తెలుగునేల మీదే ఉండేది. 1980లో రామగుండంలో భారత ఎరువుల సంస్థవారి కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. పక్కనే సింగరేణి బొగ్గు. రోజుకు 900 టన్నుల అమ్మోనియా, దాని నుంచి 1500 టన్నుల యూరియా తీయాలని కట్టారు. ఒడిశాలోని తాల్చేరులో కట్టిన కర్మాగారం దీనికి జంట.

బొగ్గును పొయ్యిలో వేస్తే పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ వేడి తప్ప మనకేమీ మిగలదు. కాని ఆక్సిజన్‌ను చాలీచాలనట్లుగా ఇచ్చి, దానితోపాటు నీటి ఆవిరిని పంపితే కథ మారుతుంది. ఎర్రగా కాలుతున్న కార్బన్, నీటి ఆవిరిలోని ఆక్సిజన్‌ను లాక్కుని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఆక్సిజన్ పోగొట్టుకున్న నీరు హైడ్రోజన్‌గా మిగులుతుంది. ఇట్లా ఘనరూపంలో ఉన్న బొగ్గు వాయురూపంలోకి మారడాన్నే గ్యాసిఫికేషన్ అంటారు.

బయటికి వచ్చే వాయువులో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ ముఖ్యమైనవి. వీటితోపాటు కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. బొగ్గులోని గంధకం వల్ల పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన దీనిదే. కొంత నత్రజని కూడా ఉంటుంది. వీళ్ళందరి మధ్య కూర్చున్నవాడే మన మీథేన్. ఒక కార్బన్ పరమాణువు, దాని చుట్టూ నాలుగు హైడ్రోజన్ పరమాణువులు. ఇదే దాని నిర్మాణం.

మీథేన్ ఎక్కడ ఎక్కువ పుడుతుంది?

బొగ్గును వాయువుగా మార్చే కొలిమిని బట్టి మీథేన్ పాలు మారుతుంది. రామగుండంలో వాడినది కాపర్స్ టాట్జెక్ అనే జర్మన్ పద్ధతి. బొగ్గును మెత్తని పొడి చేసి, ఆక్సిజన్, ఆవిరితో కలిపి కొలిమిలోకి ఊదుతారు. మంటలో వేడి 1500 డిగ్రీల సెంటిగ్రేడును దాటుతుంది. పీడనం మామూలు వాతావరణ పీడనమే. అంత వేడికి మీథేన్ తట్టుకోలేదు, విరిగిపోతుంది. అందుకే ఆ వాయువులో మీథేన్ దాదాపు ఉండదు. ఉన్నా వెయ్యింట ఒకటి రెండు పాళ్ళు.

లూర్గి పద్ధతి వేరు. ఇది కూడా జర్మనీలో 1930లలో పుట్టింది. ఇందులో బొగ్గుముక్కలు పైనుంచి నెమ్మదిగా దిగుతుంటే, ఆక్సిజనూ ఆవిరీ కిందినుంచి ఎక్కుతాయి. లోపలి పీడనం వాతావరణ పీడనానికి ఇరవై ముప్పై రెట్లు. పైభాగంలో వేడి తక్కువ. ఇక్కడ వచ్చే వాయువులో మీథేన్ సుమారు పదో వంతు ఉంటుంది. హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాల, అంటే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, 1980లలో మన బొగ్గులను ఇలాంటి కొలిమిలోనే పరీక్షించింది.

ఎందుకీ తేడా? ఒక పాలు కార్బన్, రెండు పాళ్ళ హైడ్రోజన్ వాయువుతో కలిస్తే ఒకే పాలు మీథేన్ వస్తుంది. అంటే వాయువు ఆక్రమించే చోటు తగ్గుతుంది. పైగా వేడి బయటికి వస్తుంది. పీడనం పెంచితే ఇరుకైన వైపుకే చర్య మొగ్గుతుంది. వేడి తగ్గించినా అటే మొగ్గుతుంది. దీనినే లె షాటెలియర్ సూత్రం అంటారు. ఇంటర్మీడియెట్‌లో వివరంగా చదువుకుంటారు.

దిగని ప్రయాణికుడు

"మీథేన్ ఉంటే ఉండనీ, నష్టమేమిటి?" అని మీరు అడగవచ్చు. నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్ళి తిరిగివచ్చే బస్సును ఊహించుకోండి. అందులో 50 సీట్లు. ప్రతి ట్రిప్పులోనూ ఎక్కినవాళ్ళలో ఒక్కడు దిగకుండా కూర్చుండిపోయాడనుకుందాం. పది ట్రిప్పులకు పది సీట్లు పోయాయి. యాభయ్యో ట్రిప్పుకు బస్సు నిండా వాళ్ళే. తర్వాత ఆ బస్సు ఎన్నిసార్లు తిరిగినా డీజిల్ దండగ తప్ప ఒక్క ప్రయాణికుడినీ చేర్చలేదు.

అమ్మోనియా తయారుచేసే చోట సరిగ్గా ఇదే జరుగుతుంది. హైడ్రోజన్, నత్రజని మిశ్రమం వంద వాతావరణాలకు మించిన పీడనంలో, 400 డిగ్రీలకు పైబడిన వేడిలో ఇనుప ఉత్ప్రేరకం మీదుగా సాగుతుంది. ఒక్క విడతలో ఐదో వంతు అటూఇటుగా మాత్రమే అమ్మోనియా అవుతుంది. దాన్ని తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ తిప్పి పంపుతారు. మీథేన్ ఈ చర్యలో పాల్గొనదు. తిరుగుతూనే ఉంటుంది, పోగుపడుతూనే ఉంటుంది. దాన్ని వదిలించుకోవడానికి కొంత వాయువును బయటికి వదిలితే దానితోపాటు కష్టపడి సంపాదించిన హైడ్రోజన్ కూడా పోతుంది.

కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ప్రమాదకారి. అది ఉత్ప్రేరకాన్ని పట్టుకుని దాని పని చెడగొడుతుంది. మనిషి పీల్చితే రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకుని ప్రాణమే తీస్తుంది. దానికి వాసన కూడా ఉండదు. కాబట్టి మొదట ఉత్ప్రేరకం సాయంతో దాన్ని నీటి ఆవిరితో కలిపి, కార్బన్ డయాక్సైడ్‌గానూ మరికొంత హైడ్రోజన్‌గానూ మారుస్తారు. అప్పటికీ కొద్దిగా మిగిలిపోతుంది.

సులువుగా లొంగేవి

ఇక విడదీయడం మొదలుపెడదాం. ముందు కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ రెండూ ఆమ్లగుణం గల వాయువులు. వీటిని పట్టడానికి మన దగ్గరే ఒక మందుంది. పిడుగురాళ్ళ బట్టీల్లో కాలిన సున్నం! సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే తెల్లగా మారడం మీరు బడిలో చూశారు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సున్నం పట్టుకుంది. మీథేన్ అయితే బుడగలు బుడగలుగా దాటిపోయేది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో వీధిదీపాలకు బొగ్గు గ్యాసు వాడిన రోజుల్లో నిజంగానే ఆ గ్యాసును సున్నంతో శుభ్రపరిచేవారు.

అయితే లెక్క వేసి చూడండి. 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టడానికి 56 కిలోల పొడిసున్నం కావాలి. రోజుకు వందల టన్నుల వాయువంటే కొండంత సున్నం. పైగా పట్టుకున్న వాయువును సున్నం ఒక పట్టాన వదలదు. మళ్ళీ బట్టీలో కాల్చవలసిందే. యూరియాకు అమ్మోనియాతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా అవసరమే. అంటే పట్టుకోవాలి, తిరిగి ఇవ్వాలి కూడా. అప్పు పుచ్చుకుని తీర్చేసే మంచి ఆసామి కావాలన్నమాట!

అట్లాంటి ఆసామి గోలీ సోడాలో ఉంది. సోడాలో వాయువును పీడనంతో నీటిలోకి ఎక్కిస్తారు. గోలీ నొక్కగానే పీడనం తగ్గి వాయువు బుస్సుమని బయటికి వస్తుంది. చల్లని సోడాలో వాయువు నిలుస్తుంది, ఎండలో పెట్టిన సోడా పొంగిపోతుంది. పీడనం, చల్లదనం ఉంటే కరగడం. అవి తగ్గితే విడిపోవడం. ఇదే సూత్రం.

కర్మాగారంలో నీటికి బదులు మిథనాల్ అనే ద్రవాన్ని వాడతారు. ఇది నీటిలా సున్నా దగ్గర గడ్డకట్టదు. మైనస్ 97 డిగ్రీల వరకూ ద్రవంగానే ఉంటుంది. దాన్ని మైనస్ 40 నుంచి మైనస్ 60 డిగ్రీల దాకా చల్లబరచి, ఎత్తయిన స్తంభంలో పైనుంచి జల్లుగా కురిపిస్తారు. కిందినుంచి వాయువు ఎక్కుతుంది. కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ చల్లని జల్లులో కరిగిపోతాయి. హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ పెద్దగా కరగకుండా పైకి వెళ్ళిపోతాయి. కింద చేరిన మిథనాల్ మీద పీడనం తగ్గిస్తే కరిగిన వాయువు బయటికి వస్తుంది. మిథనాల్ మళ్ళీ పనికి సిద్ధం. ఈ పద్ధతిని రెక్టిసాల్ అంటారు. రామగుండంలోనూ దీన్నే వాడారు.

మొండి ఘటాలు

ఇప్పుడు అసలు చిక్కు. మిగిలిన మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, నత్రజని, హైడ్రోజన్‌లను సున్నం పట్టదు, నీరు పట్టదు, మిథనాల్ కూడా అంతగా పట్టదు. వీటి మధ్య తేడా ఎక్కడుంది?

మైకేల్ ఫారడే పేరు మీరు విన్నారు. ఆయన 1823లో క్లోరిన్‌ను ద్రవంగా మార్చాడు. తర్వాత ఎన్నో వాయువులను నొక్కి, చల్లబరచి ద్రవాలుగా మార్చాడు. 1845 నాటికి ఆరు వాయువులు మాత్రం ఆయనకు లొంగలేదు. హైడ్రోజన్, ఆక్సిజన్, నత్రజని, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, మీథేన్. వీటికి శాశ్వత వాయువులని పేరు వచ్చింది. మన బొగ్గు వాయువులో మిగిలిన నాలుగూ ఈ ఆరింటిలోవే చూడండి!

నిజానికి అవి శాశ్వతం కావు. ఫారడే దగ్గర చలి చాలలేదు, అంతే. 1877లో ఆక్సిజన్ ద్రవబిందువులుగా మారింది. 1895లో కార్ల్ లిండే గాలిని పెద్దఎత్తున ద్రవంగా మార్చే యంత్రం చేశాడు. 1898లో జేమ్స్ డ్యూవర్‌కు హైడ్రోజన్ కూడా లొంగింది.

అంతటి చలిని ఎట్లా పుట్టిస్తారు? సైకిలు ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కుతుంది. నిండిన ట్యూబు వాల్వు తెరిస్తే వచ్చే గాలి చల్లగా తగులుతుంది. బాగా నొక్కిన వాయువు వేడిని మొదట తీసేసి, తర్వాత ఒక్కసారిగా వ్యాకోచించనిస్తే అది చల్లబడుతుంది. ఆ చల్లని వాయువుతో రాబోయే వాయువును ముందే చల్లబరచి, దాన్నీ వ్యాకోచింపజేస్తే ఇంకా చల్లబడుతుంది. ఇట్లా మెట్టుమెట్టుగా దిగుతారు.

రెంటచింతలలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటితేనే మనం అల్లాడిపోతాం. ఇప్పుడు సున్నాకు ఎంతో దిగువన ఉన్న ఈ మరుగు స్థానాలు చూడండి. మీథేన్ మైనస్ 161 డిగ్రీలు. కార్బన్ మోనాక్సైడ్ మైనస్ 191. నత్రజని మైనస్ 196. హైడ్రోజన్ మైనస్ 253. మనకు కావలసిన తేడా దొరికింది! మిశ్రమాన్ని చల్లబరుస్తూ పోతే అందరికంటే ముందు ద్రవమయ్యేది మన మొండి మీథేనే. హైడ్రోజన్ మాత్రం చివరిదాకా వాయువుగానే ఉంటుంది.

నత్రజని జల్లుస్నానం

రామగుండం వంటి కర్మాగారంలో చివరి అంకం ఇది. మొదట ఆ వాయువును అణుజల్లెడల గుండా పంపి, మిగిలిన కార్బన్ డయాక్సైడ్, తేమ, మిథనాల్ ఆవిరి పూర్తిగా తీసేస్తారు. లేకపోతే అవి గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. తర్వాత వాయువును సుమారు మైనస్ 190 డిగ్రీల దగ్గరున్న స్తంభంలోకి పంపుతారు. పైనుంచి కురిసే జల్లు ఏమిటో తెలుసా? ద్రవ నత్రజని!

స్వచ్ఛమైన మీథేన్ మైనస్ 182 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. కాని ఇక్కడ ఉన్నది కొద్దిపాటి మీథేనే కాబట్టి ద్రవ నత్రజనిలో కరిగి కిందికి జారిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ కూడా అంతే. పైకి వచ్చేది హైడ్రోజన్, దానితోపాటు ఆవిరైన కొంత నత్రజని. అమ్మోనియాకు కావలసినవి ఆ రెండే గదా! తక్కువైన నత్రజనిని కలిపి, మూడు పాళ్ళ హైడ్రోజన్‌కు ఒక పాలు నత్రజని ఉండేట్టు సరిచేస్తారు.

ఇందులోని పొదుపు గమనించారా? కొలిమికి ఆక్సిజన్ కావాలి కాబట్టి గాలిని ఎలాగూ ద్రవంగా మార్చి విడదీస్తారు. ఆక్సిజన్ కొలిమికి పోతే, మిగిలిన నత్రజని ఇక్కడ జల్లుగా పనిచేసి, చివరికి యూరియాలో చేరి, రైతు పొలానికి వెళుతుంది.

స్తంభం అడుగున చేరిన ద్రవాన్ని వేడెక్కనిచ్చి ఇంధనంగా మండిస్తారు. లూర్గి వాయువులోలాగా మీథేన్ ఎక్కువగా ఉండి, అదే మనకు కావాలనుకోండి. అప్పుడు ఆ ద్రవాన్ని నెమ్మదిగా వేడెక్కనిస్తారు. నత్రజని, కార్బన్ మోనాక్సైడ్ ముందు ఆవిరైపోతాయి. మైనస్ 161 దాకా ఓపికపట్టే మీథేన్ అడుగున మిగులుతుంది. ఆ 30 డిగ్రీల ఎడమే ఇక్కడ మన తూర్పారబట్టే గాలి.

జల్లెడతో కుదరదా?

పరిమాణంలో తేడాతో విడదీయలేమా అని మీకు సందేహం రావచ్చు. కొంతవరకు కుదురుతుంది. జియోలైట్ అనే ఖనిజాల్లో అణువులంత సన్నని రంధ్రాలుంటాయి. కార్బన్ డయాక్సైడ్ అణువు వ్యాసం సుమారు 0.33 నానోమీటర్లు, మీథేన్‌ది 0.38. ఈ రెండింటినీ జల్లించవచ్చు. కాని కార్బన్ మోనాక్సైడ్ సుమారు 0.376. మీథేన్ పక్కన నిలబెడితే కవలల్లా ఉంటారు! అక్కడ జల్లెడ ఓడిపోతుంది, చలి గెలుస్తుంది.

అసలు విడదీయకుండానే పని జరుపుకునే ఉపాయం మరొకటుంది. 1902లో ఫ్రాన్సులో పాల్ సబాటియే, సెండరెన్స్ అనే శాస్త్రవేత్తలు నికెల్ ఉత్ప్రేరకం మీద కార్బన్ మోనాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి మీథేన్‌గా మార్చారు. పొరుగువాళ్ళను వేరుచేయలేకపోతే వాళ్ళనూ మీథేన్‌గానే మార్చేయడం! అమెరికాలోని నార్త్ డకోటాలో 1984లో మొదలైన గ్రేట్ ప్లెయిన్స్ కర్మాగారం లిగ్నైటు బొగ్గును లూర్గి కొలిముల్లో వాయువుగా మార్చి, ఈ ఉపాయంతోనే గొట్టాల్లో పంపే మీథేన్‌ను తయారుచేసింది.

తరిమినవాడే వచ్చి కూర్చున్నాడు

మరి మన రామగుండం సంగతి? మన బొగ్గులో బూడిద చాలా ఎక్కువ; వందకు 30 నుంచి 45 పాళ్ళు. యంత్రాల ఇబ్బందులు, కరెంటు అంతరాయాలు తోడయ్యాయి. మైనస్ 190 డిగ్రీల చలిలో ఉండే స్తంభానికి కరెంటు ఆగడమంటే చిన్న సంగతి కాదు. చలినంతా మళ్ళీ మొదటినుంచి పోగుచేసుకోవాలి. కర్మాగారం పూర్తి సామర్థ్యంతో నిలకడగా నడవలేదు. నష్టాలు పెరిగి 1999లో మూతపడింది. దానిమీద బతికిన కుటుంబాలు చెదిరిపోయాయి. విజ్ఞానశాస్త్రం ఎంత చక్కగా ఉన్నా, మన బొగ్గుకూ మన పరిస్థితులకూ అది సరిపడేట్టు చేసుకోవడం వేరే పని అని ఈ కథ చెబుతుంది.

అదే చోట కొత్త కర్మాగారం వచ్చి 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. దాని ముడిసరుకు బొగ్గు కాదు, గొట్టాల్లో వచ్చే సహజవాయువు. సహజవాయువులో ముఖ్యభాగం ఏమిటో తెలుసా? మీథేన్! ఒకప్పుడు వద్దని చలిలో ముంచి తరిమేసినవాడే ఇప్పుడు ఇంటి యజమాని. ఇటువంటి కర్మాగారాల్లో చివర మిగిలే కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్‌ను, ఉత్ప్రేరకానికి హాని చేయకుండా ఉండేందుకు కావాలనే మీథేన్‌గా మారుస్తారు. దాని మొండితనమే అక్కడ సుగుణమైంది.

బొగ్గు కథ కూడా ముగియలేదు. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. బూడిద ఎక్కువగా ఉన్న మన బొగ్గు నుంచే మిథనాల్ తీసే చిన్న ప్రయోగ కర్మాగారాన్ని హైదరాబాదులో బీహెచ్ఈఎల్ పరిశోధకులు నడిపి చూపారు. అయితే ఈ పనిలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను ఏం చేయాలన్న ప్రశ్న ఇంకా మన ముందుంది. మీథేన్‌నూ గాలిలోకి వదలకూడదు. నూరేళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఈ చిక్కులు విప్పవలసినవాళ్ళు మీలోంచే రావాలి.

మీరే చేసి చూడండి: రెండు సోడా సీసాలు తీసుకోండి. ఒకటి మంచునీళ్ళలో, ఒకటి మామూలు నీళ్ళలో అరగంట ఉంచండి. కదిలించకుండా రెండూ తెరవండి. ఏది ఎక్కువగా పొంగింది? ఎందుకు?

ఆలోచించండి: గోబర్ గ్యాసులో సుమారు 60 పాళ్ళు మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, కాస్త హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. అందులోంచి మీథేన్‌ను వేరుచేయాలంటే మైనస్ 161 దాకా వెళ్ళాలా? అంతకంటే చవకగా దొరికే తేడా ఏదైనా ఉందా? జవాబు రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. గంట కొట్టినా సరే, ఆ జవాబు ఆయన పూర్తిగా వింటారు.